పెట్టెలక్క: ఎడంచేతి మాస్టారి పదకొండో పాఠం

పోయిన వారం కథ తొమ్మిదో షరతు దగ్గర ఆగింది. కాబట్టి ముందు దాని సంగతే చెప్పుకుందాం.

వాయిద్యాల పెట్టెలు తయారుచేసే ఆ కార్ఖానాను అక్కాతమ్ముళ్లిద్దరూ కలిసి నడుపుతున్నారు. చెక్క, అచ్చులు, కుట్టుపని అక్క చూసుకుంటుంది. సరుకు కొనడం, పెట్టెలు అమ్మడం, ఫోన్లూ ఉత్తరాలూ తమ్ముడి వంతు. ఆ పెట్టె బస్సు మీంచి కింద పడ్డా లోపలున్న వయొలిన్ మీద గీత కూడా పడదని వాయిద్యకారులు చెప్పుకుంటారు. అలా చెప్పుకునీ చెప్పుకునీ ఆమెకు ‘పెట్టెలక్క’ అని పేరు స్థిరపడిపోయింది. ప్రతి పెట్టె మూత లోపల ఎర్ర దారంతో ఆ మాటే కుట్టి ఉంటుంది.

ఇప్పుడు నూరు దుకాణాలున్న ఒక పెద్ద కంపెనీ ఆ పెట్టెలన్నీ తామే అమ్ముతామంటూ ముందుకొచ్చింది. ఒప్పందంలో పదిహేను షరతులున్నాయి. పద్నాలుగింటికి ఆమె తలూపింది. తొమ్మిదోదాని దగ్గర మాత్రం ఆమె వేలు ఆగిపోయింది. ‘పెట్టెలక్క అనే పేరు, దానిపై సమస్త హక్కులు శాశ్వతంగా కంపెనీకి చెందును’ అని ఉంది అందులో.

తమ్ముడు సంతకం పెట్టేద్దామన్నాడు. అక్క పెట్టనంది. ఆ మాట దగ్గర మొదలైన మౌనం మూడో రోజుకు వచ్చింది. ఇద్దరూ ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని, మధ్యలో మేస్త్రి ద్వారా మాట్లాడుకుంటున్నారు.

“మేస్త్రీ, జిగురు అయిపోవచ్చిందని ఆయనతో చెప్పండి.”

“రేపొస్తుందని ఆవిడతో చెప్పండి మేస్త్రీ.”

మేస్త్రి చేతిలోని చిత్రికను పక్కన పెట్టాడు. “నాకు జీతం చెక్క పనికిస్తున్నారా, తపాలా పనికిస్తున్నారా? అదేదో తేల్చి చెప్తే, రేపటి నుంచి సంచీ తగిలించుకునొస్తాను” అన్నాడు.

కుట్టుమిషన్ల దగ్గర ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. అక్కాతమ్ముళ్లు మాత్రం నవ్వలేదు. కంపెనీ మేడం సంతకాల కోసం పన్నెండింటికి వస్తానని కబురు చేసింది. అప్పటికి తొమ్మిదిన్నర.

సరిగ్గా అప్పుడే ఎడంచేతి మాస్టారు గుమ్మంలో నిలబడ్డారు.

ఆ మాస్టారు ఎవరో ఆ కార్ఖానాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. వయొలిన్‌ను కుడి భుజాన పెట్టుకుని కమాను ఎడంచేత్తో పట్టే మనిషి ఆయన. డెబ్బై నాలుగేళ్ల వయసులోనూ ఆయన కచేరీ అంటే టిక్కెట్లు ఒక్క పూటలో అమ్ముడైపోతాయి. ఆయన చేతివాటానికి తగ్గట్టు, కమాను గూళ్లు తిరగేసి పెట్టె చెయ్యడానికి ఏ దుకాణమూ ఒప్పుకోని రోజుల్లో ఆ పని ఒప్పుకున్నది పెట్టెలక్కే. ఈ కార్ఖానాలో తయారైన మొట్టమొదటి పెట్టె అదే.

“మడతబందు వదులైందమ్మా” అంటూ పెట్టెను బల్ల మీద పెట్టారాయన. “పద్నాలుగేళ్లకు మొదటిసారి. దానికీ నాలాగే కీళ్ల నొప్పులొచ్చాయి.”

పెట్టెలక్క మూత తెరిచి మేకు చుట్టూ వేలితో నొక్కి చూసింది. చెక్క లోపల చిన్న పగులు కనిపించింది. “జిగురు పెట్టి బిగించాలి మాస్టారూ. ఆరడానికి మూడు గంటలు పడుతుంది.”

“అయితే మూడు గంటలూ మీ నెత్తిన కూర్చుంటాను. నీ మొహం ఏమిటి తల్లీ, అలా ఉంది?”

ఆమె ఒప్పందం కాగితాలను ఆయన ముందుకు జరిపింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకునేలోపు తమ్ముడు లేచాడు. మూడు రోజులుగా గొంతులో అణిచిపెట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

“మాస్టారూ, మీరే చెప్పండి. మీ జీవితం మీదే ఆదివారం పెద్ద సభ జరిగింది. నేను పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాను. ‘మాస్టారి నుంచి వ్యాపారులు నేర్చుకోవాల్సిన పది పాఠాలు’ అని. ఇదిగో, అన్నీ రాసుకున్నాను.” సొరుగులోంచి నోటుపుస్తకం తీశాడు. “మొదటి పాఠమే ఇది. పెద్ద కంపెనీ తలుపు తడితే వెనకాముందూ చూడకూడదు. మీరు ఇరవై రెండేళ్లకే రికార్డుల కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. అందుకే ఇంతవాళ్లయ్యారు.”

“ఓహో” అన్నారు మాస్టారు. ఆయన కనుబొమలు పైకి లేచాయి. “నా గురించి నాకు తెలియనివి చాలానే చెప్పినట్టున్నారు. మిగతావి కూడా చదువు.”

“రెండోది, లోపాన్నే గుర్తుగా మార్చుకోవాలి. మీరు అసలు పేరు పక్కన పెట్టి ‘ఎడంచేతి’ అని పెట్టుకోవడం గొప్ప ఎత్తుగడ అట. మూడోది, అరుదుగా దొరకాలి. ఏడాదికి పన్నెండు కచేరీలు మించి చెయ్యరు మీరు. గిరాకీ పెంచడానికి.”

మాస్టారు ఫక్కున నవ్వారు. “గిరాకీ కాదు నాయనా, భుజం. నెలకొకసారి మించి వాయిస్తే ఈ భుజం నన్ను పడుకోనివ్వదు. మొదటి పదేళ్లయితే నన్ను పిలిచేవాళ్లే లేరు, అప్పుడు ఇంకా అరుదు. ఆ సభలో ఉపన్యాసం ఇచ్చినాయన నన్నొక్క మాట అడిగినా బాగుండేది.”

తమ్ముడి మొహం చిన్నబోయింది. కానీ వాడు అంత తేలిగ్గా వదిలే మనిషి కాడు. “భుజం సంగతి సరే. కంపెనీతో సంతకం అబద్ధం కాదు కదా?”

“కాదు.” మాస్టారి నవ్వు ఆగింది. స్టూలు లాక్కుని కూర్చున్నారు. మేస్త్రి చిత్రిక ఆపాడు. మిషన్ల చప్పుడు కూడా ఒక్కొక్కటే సద్దుమణిగింది.

“అప్పుడు నేనొక హోటల్లో వాయించేవాణ్ని. జనం భోజనాలు చేస్తుంటే మూలన నిలబడి వాయించాలి. చెంచాల చప్పుడు నాకన్నా గట్టిగా వినిపించేది. ఒకరోజు రికార్డుల కంపెనీ మనిషి వచ్చి నాలుగు పేజీల కాగితం ఇచ్చాడు. నేను మొదటి పేజీ చదివాను. మిగతా మూడూ చదివితే ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని భయమేసి సంతకం పెట్టేశాను. మూడు రికార్డులొచ్చాయి. బాగా అమ్ముడయ్యాయి. నాలుగోదానికి పరుగులు తీసే పాటలే వాయించమన్నారు. నాకేమో నింపాదిగా వాయించడం ఇష్టం. కుదరదని బయటికొచ్చేశాను. తర్వాతి వారం ఒక చిన్న హాల్లో కచేరీ. పోస్టర్లు అంటించారు. సాయంత్రానికల్లా కంపెనీ వకీలు నోటీసు వచ్చింది. నాలుగో పేజీలో ఉందట, నా పేరు వాళ్లదని.”

పెట్టెలక్క చేతిలో జిగురు కుంచె అలాగే ఉండిపోయింది. “మీ పేరు మీది కాకపోవడమేంటి?”

“నా పేరుతో రికార్డు వెయ్యాలన్నా, పోస్టర్ వెయ్యాలన్నా వాళ్లే వెయ్యాలి. ఎన్నాళ్లో తెలుసా? నేను బతికున్నన్నాళ్లు. ఆ హాలు మేనేజరు మంచివాడు. పోస్టర్ల మీద నా పేరు ఉన్నచోట కాగితం ముక్క అంటించి, ‘ఎడంచేతి వయొలిన్’ అని రాయించాడు. వేరే ఏం రాయాలో తోచక! అదీ మీ రెండో పాఠం, గొప్ప ఎత్తుగడ.”

తమ్ముడు పుస్తకంలో ఆ పాఠం రాసిన చోటు చూసుకున్నాడు.

“ఆర్నెల్లకు నా పేరుతో కొత్త రికార్డొచ్చింది. వాయించింది ఎవరో నాకు తెలీదు. దుకాణంలో నిలబడి విన్నాను. బాగానే వాయించాడు. అదే బాధ.” ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. “మా నాన్న నా కచేరీ చూడ్డానికని అంత దూరం నుంచి వచ్చాడు. పోస్టర్ ముందు చాలాసేపు నిలబడి, ‘ఇందులో నువ్వెక్కడున్నావురా?’ అనడిగాడు. చెప్పుకోలేకపోయాను.”

పెట్టెలక్క కుంచె పక్కన పెట్టింది. పద్నాలుగేళ్లుగా ఈయన్ని ఎరుగును. కబుర్లు చెప్పుకున్నారు, టీలు తాగారు. ఈ మాట ఒక్కసారి కూడా ఆయన నోట రాలేదు. ఆయన అసలు పేరేమిటని తను కూడా ఎప్పుడూ అడగలేదు. తమ్ముడి వైపు చూసింది, ఇప్పుడేమంటావన్నట్టు.

తమ్ముడు నోటుపుస్తకం మూశాడు. మూశాడే గాని కూర్చోలేదు. “మాస్టారూ, తప్పుగా అనుకోకండి. మీ పేరు పోయింది. అయినా మీరు గొప్పవాళ్లయ్యారు. అంటే పేరు పోతే కొంపేం మునగదనేగా? పనితనం మనదైతే చాలనేగా?”

“ఒరేయ్!” అంది పెట్టెలక్క.

“ఉండమ్మా, వాడు సరైన ప్రశ్నే అడిగాడు.” మాస్టారు తమ్ముణ్ని తేరిపార చూశారు. ఆ చూపులో కోపం లేదు. “నేను కంపెనీ వదిలి వచ్చేసినప్పుడు నా చేతులు కూడా నాతో వచ్చేశాయి. ఎవరు విన్నా, ఇది ఆ ఎడంచేతివాడి వాయింపే అని గుర్తుపట్టగలరు. పెట్టెనెలా గుర్తుపడతారు? మూత లోపల ఎర్ర దారం చూసి. రేపు ఆ కంపెనీ ఇంకెక్కడో సన్న చెక్కతో చేయించి, అదే దారంతో అదే పేరు కుట్టిస్తే నువ్వేం చేస్తావు? ఆ పెట్టె విరిగి ఎవడి వయొలిన్ ముక్కలైనా తిట్లు మీ అక్కకే. పోయినేడు కొక్కెం సరిగ్గా పడటం లేదని నలభై పెట్టెలు వెనక్కి తెప్పించి మార్చారు మీరు. ఎవరూ అడక్కుండానే. ఆ పేరు మీది కాకపోతే, మార్పించాలో వద్దో చెప్పే హక్కు కూడా మీకుండదు.”

“అయితే కంపెనీని పొమ్మనాలా? పన్నెండు మంది బతుకులున్నాయి ఇక్కడ.”

“పొమ్మని నేనెప్పుడన్నాను? ఆ కంపెనీవాడు రాకపోతే నేను ఇంకా ఆ చెంచాల మధ్యే ఉండేవాణ్ని. పెద్దవాళ్ల భుజమెక్కితే దూరం కనిపిస్తుంది, ఎక్కండి. కాకపోతే అద్దెకిచ్చేదేదో, అమ్మకూడనిదేదో తెలుసుకుని ఎక్కండి. నేను వాయించడం అద్దెకివ్వాల్సింది. పేరు అమ్మేశాను.”

పెట్టెలక్క మనసు తేలికపడింది. మూడు రోజులుగా తనకు తోచింది గాని మాటల్లో పెట్టలేకపోయింది సరిగ్గా ఇదే. “విన్నావుగా?” అంది తమ్ముడితో. మూడు రోజుల తర్వాత వాడితో నేరుగా అన్న మొదటి మాట అది.

ఆ మాటలోని గెలుపే వాణ్ని కాల్చింది.

“విన్నానక్కా. నీ పేరు నీకు మిగలాలి. సరే. మరి నా సంగతి?” వాడు నోటుపుస్తకం బల్ల మీద పడేశాడు. “పద్నాలుగేళ్లుగా ఊరూరూ తిరిగి అమ్మింది నేను. వర్షంలో తడుస్తూ చెక్క మోసుకొచ్చింది నేను. ఎక్కడికెళ్లినా ‘పెట్టెలక్క తమ్ముడొచ్చాడు’ అంటారు. మూత లోపల ఉన్నది నీ పేరు. అందులో నేనెక్కడున్నాను? అది పోతే నీకు బాధ. నాదేం పోతుంది, చెప్పు?”

వాడు డబ్బుకు ఆశపడుతున్నాడనుకుంది పెట్టెలక్క. పెద్దవాళ్ల మధ్య తిరగాలని ఉబలాటపడుతున్నాడనుకుంది. మూడు రోజుల్లో వాడి గురించి ఎన్ని అనుకుందో, అందులో ఈ ఒక్కటీ లేదు.

మాస్టారే నెమ్మదిగా అందుకున్నారు. “నా పక్కన ముప్పై ఏళ్లు పియానో వాయించినాయన ఉండేవాడు. మీ పుస్తకంలో ఆయన కూడా ఒక పాఠమయ్యే ఉంటాడు.”

“ఆరోది” అన్నాడు తమ్ముడు కళ్లు తుడుచుకుంటూ. “నమ్మకస్తులను వదులుకోవద్దని.”

“వదులుకోలేదు, నిజమే. నేను తప్పు వాయిస్తే మొహం మీదే చెప్పేవాడు ఆయనొక్కడే. కానీ ముప్పై ఏళ్లలో ఒక్క పోస్టర్ మీదైనా ఆయన పేరు వేయించమని నేను అడగలేదు. నా పేరుకే దిక్కు లేదు, ఇంకొకరిదెందుకులే అనుకున్నాను. ఆయన పోయాక వాళ్లమ్మాయి ఇంట్లో సామాన్లు సర్దుతుంటే పాత పోస్టర్లన్నీ కట్టగా దొరికాయట. ప్రతిదాని మీదా అడుగున పెన్సిల్‌తో తన పేరు తనే రాసుకున్నాడు.” ఆయన తమ్ముడి పుస్తకం వైపు చూపించారు. “పది పాఠాలు రాసుకున్నావుగా నాయనా. పదకొండోది నేను చెప్తాను, రాసుకో. నీకు జరిగిన అన్యాయం చూసుకుంటూ కూర్చుంటే, నువ్వు చేసే అన్యాయం కనపడదు. మీ అక్కకు కూడా ఇదే చెప్తున్నాను.”

ఆ మాటతో ఆయన వయొలిన్ చేతికి తీసుకున్నారు. “జిగురు ఆరేదాకా లోపలి గదిలో సాధన చేసుకుంటాను. మీరిద్దరూ మేస్త్రిని వదిలేసి మాట్లాడుకోండి” అని తలుపు దగ్గరగా వేసుకున్నారు.

పెట్టెలక్క బల్ల చుట్టూ తిరిగి తమ్ముడి పక్కన కూర్చుంది. క్షమించమని అడగడం ఆమెకు చేతకాదు. చిన్నప్పటి నుంచీ అంతే. ఎర్రదారం ఉండను వాడి ముందు పెట్టింది.

“కుట్టే పేరు మార్చుదాంరా. ‘పెట్టెలక్క, తమ్ముడు’ అని కుడదాం. మూత లోపల చోటుంది.”

తమ్ముడు ఆ ఉండను చేతిలోకి తీసుకున్నాడు. “బాగోదేమో అక్కా. పొడుగైపోతుంది” అన్నాడు.

“చిన్నక్షరాలు కుట్టిస్తాను. నా పేరూ చిన్నదే చేస్తాను, సరేనా? మేడంతో ఇవాళ నేను మాట్లాడను. నువ్వే మాట్లాడు. బేరం నీ పని.”

వాడు కలం తీశాడు. అక్క చెబుతుంటే కాదు, తనంతట తనే రాయడం మొదలుపెట్టాడు. శాశ్వతంగా అన్నది కొట్టేసి రెండేళ్లు. పేరు అన్నది కొట్టేసి, పైన కంపెనీ గుర్తు, మూత లోపల మన పేరు. వాయిద్యకారులు ఎవరికి వారే నేరుగా వచ్చి చేయించుకుంటే కంపెనీకి సంబంధం ఉండదు. పెట్టెలక్క పక్కన కూర్చుని చూస్తూ ఉంది. వాడి రాతలో ఎక్కడా తడబాటు లేదు. ఇంత గట్టి మనిషిని ఇన్నాళ్లూ చెక్క మోయడానికి పంపించానా అనుకుంది.

పన్నెండు కొట్టేసరికి కంపెనీ మేడం వచ్చింది. వయసు నలభై లోపే. మాటా నడకా రెండూ పొదుపు. ఆమె వెంట ఎవరూ లేరు, తోలు సంచీ ఒక్కటే ఉంది. తమ్ముడు చెప్పినదంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నది. రెండేళ్లకు ఒప్పుకుంది. నేరుగా వచ్చేవాళ్ల పెట్టెల మాటకూ ఒప్పుకుంది.

“పేరు మాత్రం కుదరదు” అంది. “జనం పెట్టె కొనడం లేదు, పేరు కొంటున్నారు. ఆ సంగతి మీకూ తెలుసు.”

“తెలిసే చెప్తున్నాం మేడం” అన్నాడు తమ్ముడు నిబ్బరంగా. “మీరు పెట్టెలు తీసుకెళ్లండి, ఎన్ని కావాలంటే అన్ని. పేరు మీద హక్కు మాత్రం ఈ కార్ఖానా దాటదు. కుదరకపోతే టీ తాగి వెళ్లండి. రేపటి నుంచి నేనే నూరు దుకాణాలు తిరుగుతాను. నాకది కొత్త కాదు.”

పెట్టెలక్క గర్వంతో పెదవి బిగబట్టింది. మేస్త్రి చెక్క మీదికి వంగి నవ్వుకున్నాడు.

మేడం టీ కప్పు అందుకుంది. లోపలి గదిలోంచి వయొలిన్ వినిపిస్తోంది. నింపాదిగా, తొందరేమీ లేని వాయింపు. ఆమె కాసేపు చెవియొగ్గి వింది.

“లోపల ఉన్నది ఆయనేనా?”

పెట్టెలక్క తలూపింది.

మేడం సంచీలోంచి ఒక పాత కవరు తీసింది. అందులోంచి పసుపురంగు తిరిగిన కాగితాలు నాలుగు బయటికొచ్చాయి. “మా సంస్థ మూడేళ్ల కింద ఒక పాత రికార్డుల కంపెనీని కొన్నది. వాళ్ల బీరువాలో ఇవి దొరికాయి. మీ మొదటి పెట్టె ఆయనదేనని తెలిశాక వెంట తెచ్చాను. ఎందుకు తెచ్చానో దాచను. ఆయన అసలు పేరు ఇప్పుడు మా దగ్గరుంది. ఆయనకు తిరిగి ఇచ్చేస్తాం. వచ్చే నెల కచేరీకి పోస్టర్ మీద సొంత పేరు వేయించుకోవచ్చు. మీరు తొమ్మిదో షరతుకు ఒప్పుకుంటే చాలు.”

తమ్ముడి చేతిలో కలం ఆగిపోయింది. అప్పటిదాకా అంత గట్టిగా మాట్లాడినవాడు అక్క మొహంలోకి చూశాడు.

“ఆలోచించుకోండి” అంది మేడం. “ఆయనకిప్పుడే చెప్పనక్కర్లేదు. ఇది మన మధ్యే ఉండనివ్వండి.”

పెట్టెలక్క ఆలోచించడానికి ఎక్కువసేపు తీసుకోలేదు. లేచి వెళ్లి లోపలి గది తలుపు బార్లా తెరిచింది.

“మాస్టారూ, ఒకసారి రండి. ఇక్కడ మీ వస్తువు మీద బేరం జరుగుతోంది. మీరు లేకుండా జరగనివ్వను.”

మేడం కప్పు కింద పెట్టేసింది. వయొలిన్ ఆగింది. మాస్టారు వచ్చి నిలబడ్డారు. ఏమిటని ఎవరినీ అడగలేదు. బల్ల మీది కాగితాలు చూడగానే ఆయనకు అర్థమైంది. యాభై రెండేళ్ల కింద భయపడి చదవని మూడు పేజీలనూ నిలబడే, అక్షరం వదలకుండా చదివారు. నాలుగో పేజీ చివర సంతకం దగ్గర ఆగి, అక్కడున్న పేరును పెదవులు మాత్రం కదుపుతూ చదువుకున్నారు.

చాలాసేపటికి తలెత్తారు. ఆయన చూసింది మేడం వైపు కాదు, పెట్టెలక్క వైపూ కాదు. తమ్ముడి వైపు చెయ్యి చాపారు.

“నాయనా, ఆ కలం ఇలా ఇవ్వు” అన్నారు.

(మిగతా కథ వచ్చే వారం)